గడియ పెట్టినవారు

మా బావ మనుషులను కళ్ళతోనే కొలిచేస్తాడు. కొట్టు గుమ్మంలో అడుగు పెట్టిన మనిషిని ఒక్కసారి పైనుంచి కిందిదాకా చూసి, "ఎడమ భుజం కాస్త దిగింది, బరువు సంచి ఆ చేత్తోనే మోస్తారేమిటండీ?" అంటాడు. అది నిజమే అయి ఉంటుంది. వచ్చినాయన ఆశ్చర్యపోయేలోపల మెడలోని టేపు తీసి ఆయన ఛాతీ చుట్టూ బిగించి, కదిలే వీలు లేకుండా చేసి, అప్పుడు మొదలుపెడతాడు.

"ఐసు ఫ్యాక్టరీ. చలిగది. లోపల మనిషి చచ్చిపడి ఉన్నాడు. గడియ చూస్తే బయటనుంచి పెట్టి ఉంది. చెప్పండి, ఎవరు పెట్టి ఉంటారు?"

తెలిసినవాళ్ళు నవ్వుతారు. కొత్తవాళ్ళకి మాత్రం గుండె గుభేలుమంటుంది. ఒకాయన టేపు ఒంటికి చుట్టుకుని ఉండగానే రోడ్డు మీదికి ఉరికాడు. బావ వెనకాలే పరిగెత్తి, "నవలండీ! నవల!" అని అరిచాడు. టేపు దొరికింది గానీ ఆయన పాంటు మాత్రం ఇంకో కొట్టులో కుట్టించుకున్నాడు.

నేను బస్సు కండక్టర్ని. పొద్దుట లేచింది మొదలు "ముందుకి జరగండి" అని అరవడమే నా పని. అందుచేత నాకు ఓపిక తక్కువ, కథలంటే మరీ తక్కువ. అలాంటి నాకే ఆ నవల నోటికి వచ్చేసిందంటే, మా బావ ఎంతమందిని ఎంతకాలంగా వేపుకు తింటున్నాడో మీరే ఊహించుకోండి.

బావకి అరవై దగ్గర పడుతున్నాయి. ఊరందరికీ కాలర్లు నిలబెట్టే ఈ మనిషి చొక్కా కాలరు మాత్రం ఎప్పుడూ మడత పడే ఉంటుంది. చెవి మీద సుద్దముక్క పెట్టుకుని మరిచిపోయి అలాగే పడుకుంటాడు. మా అక్క ఇంట్లో దిండు గలీబులన్నిటి మీదా నీలం గీతలే. "మీ బావ కలలో కూడా కటింగ్ చేస్తున్నాడురా" అంటుంది అక్క. నవ్వితే కొట్టు ముందు నడిచిపోయేవాళ్ళు ఆగి లోపలికి చూసేంత గట్టిగా నవ్వుతాడు. తన పొరపాటు ఒప్పుకోమంటే మాత్రం ఆ నోరు కుట్టేసినట్టు మూసుకుపోతుంది. ఆ ఒక్క గుణం గురించే ఈ కథంతా.

ఆయన ఆ కొట్టులో పని నేర్చుకోవడానికి చేరినరోజే ఇంకొకాయన కూడా చేరాడు. ఆయన్ని అందరూ కాజా అంటారు. బొత్తాం దూరే చిల్లుకి అంచు కుట్టడమే కాజా కుట్టడం. అందులో ఆయన్ని మించినవాళ్ళు లేరు. సన్నగా, పొడుగ్గా, మాట పొదుపుగా ఉంటాడు. అప్పట్లో యజమాని ముసలాయన ఇద్దరికీ కలిపి ఒకటే స్టూలు ఇచ్చాడట. చెరిసగం కూర్చుని పని నేర్చుకున్నారు. ఇప్పుడు ఎవరి స్టూలు వాళ్ళకి ఉన్నా, బావ ఎడమ అంచున, కాజా కుడి అంచున కూర్చుంటారు, పక్కన ఇంకొకడికి చోటు ఉంచినట్టు. అలవాటు అలా పడిపోయింది.

మూడో ఆయన ఇస్త్రీ అన్నయ్య. భారీ మనిషి, పసిపిల్లాడి మనసు. నాలుగో మనిషి మా అక్క. కొలతలు రాసుకోవడానికి, బట్టలు తీసుకోవడానికి కౌంటర్లో కూర్చునేది. మధ్యాహ్నం వేళ కొట్టుకి ఎవరూ రారు. మిగతా ముగ్గురి చేతులకీ పని ఉంటుంది, అక్క చేతులకి ఉండదు. అక్కడ వచ్చింది తంటా.

ఎవరో ఒకాయన లోపలి అస్తరు గుడ్డ చిరిగిన కోటు బాగుచెయ్యమని ఇచ్చి వెళ్ళి మళ్ళీ రాలేదు. అస్తరు ఎందుకు చిరిగిందని చూస్తే లోపలి జేబులో లావుపాటి పుస్తకం. నీలం అట్ట, దాని మీద ఎర్ర రంగులో తలుపు గడియ బొమ్మ. పేరు 'బయటి గడియ'. ఊరికే కూర్చోవడం ఎందుకని అక్క పైకి చదవడం మొదలుపెట్టింది.

అందులో అయిదుగురు స్నేహితులు. అయిదోవాడు ఐసు ఫ్యాక్టరీ చలిగదిలో చచ్చిపోతాడు. బయట గడియ ఎవరు పెట్టారో పోలీసులకి అంతు చిక్కదు. మిగిలిన నలుగురూ ఒక బడిపంతులు, ఒక స్టేషను మాస్టరు, ఒక ఫొటోగ్రాఫరు, ఒక డాక్టరు. ఏటా అదే రోజున ఫొటో స్టూడియోలో కలుస్తారు. నవ్వుకుంటారు, తాగుతారు, అన్నీ మాట్లాడుకుంటారు, ఆ ఒక్క సంగతి తప్ప. ఎవరైనా ఎత్తబోతే ఇంకొకరు మాట తప్పిస్తారు. చచ్చినవాడు మాత్రం ఆ గదిలో వాళ్ళ మధ్య కూర్చునే ఉంటాడు. ఒకడి ఇంట్లో రాత్రిళ్ళు తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. ఇంకొకడు ఐసు వేసిన ఏదీ ముట్టుకోడు.

అక్క గొంతు అప్పట్లో బాగుండేది, ఇప్పటికీ బాగుంటుంది. చలిగది తలుపు తెరిచే ఘట్టం ఆవిడ చదువుతూ ఉంటే, బావ కత్తెర చేతిలో పెట్టుకుని గుడ్లప్పగించి విని, ఆ ఊపులో ఎవరిదో చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు. యజమాని లబోదిబోమన్నాడు. "పుస్తకం విని కాదండీ, చదివే మనిషిని చూసి" అన్నాడట కాజా. అక్క మొహం ఎర్రబడిందట. ఏడాది తిరక్కుండా వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. అంచేత ఆ నవల మీద కోప్పడే హక్కు మా కుటుంబంలో ఎవరికీ లేదు.

ఇక అసలు ఘోరం. ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో చూడడానికి ఏదో ఒక కాగితం మీద ముందు ఆన్చి చూస్తారు. అక్క చివరి అధ్యాయం మర్నాటికని దాచుకుని ఇంటికి వెళ్ళిన సాయంత్రం, ఇస్త్రీ అన్నయ్య చేతికి ఆ పుస్తకం దొరికింది. చివర్న ఎప్పుడూ ఖాళీ కాగితాలుంటాయనుకుని, చూడకుండానే నాలుగు చింపి, ఒకదాని తర్వాత ఒకటి మాడ్చేశాడు.

మర్నాడు అక్క చదువుకుంటూ చదువుకుంటూ వచ్చింది. బడిపంతులు లేచి నిలబడ్డాడు. అందరి మొహాలూ చూశాడు. "ఆ రోజు గడియ పెట్టినవారు ఈ గదిలోనే ఉన్నారు" అన్నాడు. అక్కడితో కాగితం అయిపోయింది. ఆ తర్వాత అట్ట.

ముగ్గురూ ఇస్త్రీ అన్నయ్య వైపు తిరిగారు. "నాకేం తెలుసు, చివర్న ఇంకా రాస్తారని!" అన్నాడాయన. ఆ నవలలో హంతకుడు ఎవడో తెలియదు గానీ, ఆ నవలని చంపింది మాత్రం ఈయనే. కావలసినన్ని పుస్తకాల షాపులు వెతికారు. ఎక్కడా దొరకలేదు. రాసినాయన ఎవరో ఎవరికీ తెలియదు.

అప్పటినుంచి ఆ కొట్టులో రోజూ విచారణే. అంతా 'పెట్టినవారు' అన్న మాట మీదే తిరుగుతుంది. పెట్టినవాడు అని ఉంటే గొడవే లేకపోను. వారు అంటే గౌరవమిచ్చిన ఒక్కరా, లేకపోతే ఇద్దరు ముగ్గురా?

"ముగ్గురు ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకుంటారు. ఒక్క డాక్టర్నే మీరు అంటారు, ఆయన పెద్దవాడు గనక. పెట్టినవారు అన్నాడంటే డాక్టరే" అని బావ.

"చలిగది తలుపు మోపెడు బరువుంటుంది. ఒకడు నెట్టి పట్టుకుంటే తప్ప ఇంకొకడు గడియ వెయ్యలేడు. వారు అంటే ఇద్దరు" అని కాజా.

ఫొటోగ్రాఫరే హంతకుడని ఇస్త్రీ అన్నయ్య వాదన. కారణం అడిగితే, తన పెళ్ళి ఫొటోలో తను కళ్ళు మూసుకుని పడ్డాడు కాబట్టి ఆ జాతినే నమ్మడు. ఇక అక్క అయితే, "మా ఇంట్లో నేను వారు అనేది ఒక్కరినే. ఆయనకి గడియ పెట్టడం కాదుగదా, కుళాయి కట్టడం కూడా రాదు" అనేది.

ముసలి యజమాని కాలం చేశాక కొట్టు ముగ్గురి చేతికీ వచ్చింది. తలలు నెరిశాయి. కొలతలకి వచ్చినవాళ్ళందరూ తలో హంతకుణ్ణీ చెప్పి వెళ్ళేవాళ్ళు. ఊళ్ళో ఆ కొట్టుని 'హత్య టైలర్లు' అనడం మొదలుపెట్టారు. బోర్డు మీద వేరే పేరు ఉంది, అది ఎవరికీ గుర్తులేదు. అంత సరదాగా సాగిపోతున్న కొట్టు అది.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఎవరో కొత్త పెద్దమనిషి కోటు కొలతలకి వచ్చాడు. బావ కథ చెప్పాడు. ఆయన తల గోక్కుని, "ఇద్దరై ఉంటారండీ" అన్నాడు. కాజా తలెత్తి, చాలా కాలానికి ఒక నవ్వు నవ్వాడు. బావకి ఎక్కడో కాలింది.

"అలా అనేవాళ్ళు ఇక్కడ ఇంకొకరు ఉన్నార్లెండి. పొద్దస్తమానం చిల్లులు చూసుకునేవాడికి కథలో కూడా చిల్లులే కనిపిస్తాయి. అంతకుమించి ఏం తెలుస్తుంది?" అన్నాడు.

కొత్తమనిషి నవ్వాడు. కాజా నవ్వలేదు. సూది గుడ్డకి గుచ్చాడు. మెల్లిగా, "అలాగేనండి" అన్నాడు.

ఇస్త్రీ అన్నయ్య నాకు ఇది చెప్పినప్పుడు, ఆ "అండి" దగ్గర పెట్టె దించి పక్కన పెట్టాడు. ఒకే స్టూలు మీద పెరిగిన మనిషి, ఒరేయ్ తప్ప ఇంకో పిలుపు తెలియని మనిషి, ఆ రోజు బావని అండి అన్నాడు. చెంపమీద కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. బావకి అప్పుడే తెలుసు తను తప్పు మాటన్నానని. కానీ చెప్పాను కదా, నోరు కుట్టేసినట్టు ఉంటుందని.

ఆ రోజునుంచి ఆ కొట్టులో మర్యాదలు మొదలయ్యాయి. "నలభై రెండు సైజు కోటుకి కాజాలు ఎన్ని పెట్టాలో వారిని కనుక్కో" అని బావ ఇస్త్రీ అన్నయ్యతో అనేవాడు. "మూడు చాలని మాస్టరుగారికి చెప్పండి" అని కాజా. ఇద్దరి మధ్యా మూరెడు దూరం. ఎదురెదురు స్టూళ్ళు. మధ్యలో ఇస్త్రీ అన్నయ్య, చేతిలో మండే పెట్టె పట్టుకుని, ఇటు మాట అటూ అటు మాట ఇటూ. "నేను ఇస్త్రీ చెయ్యడానికి చేరానా, టెలిఫోను పని చెయ్యడానికి చేరానా?" అని నా దగ్గర మొరపెట్టుకునేవాడు. హత్య కథ ఆగిపోయింది. కొలతలకి వచ్చినవాళ్ళే, "ఏమండీ, చలిగది సంగతేమైంది?" అని అడిగి, కొలతలిచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. బావ నవ్వడం మానేశాడు. ఆ రోడ్డు మీద నా బస్సు రోజూ వెళ్తుంది, కాబట్టి ఈ మాట నేను ఖచ్చితంగా చెప్పగలను.

ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను. "ఒక్కసారి ఒరేయ్ అని పిలవరాదా బావా? మీ సొమ్మేం పోతుంది?"

"పిలుద్దామనే నోరు తెరుస్తానురా బామ్మర్దీ. మీరు అని వస్తుంది" అన్నాడు. కత్తెర వైపు చూస్తూ అన్నాడు. మొట్టమొదటిసారి ఆయన్ని చూస్తే జాలేసింది.

ఇంతలో పిడుగులాంటి కబురు. రోడ్డు అవతల పెద్ద రెడీమేడ్ షాపు తెరిచారు. కొన్న బట్టలు అక్కడికక్కడే సరిచేసి ఇవ్వడానికి మనిషి కావాలన్నారు. కాజా ఒప్పుకున్నాడు. సోమవారంనుంచి వెళ్తాడు. ఆ సంగతి కూడా ఇస్త్రీ అన్నయ్య ద్వారానే బావకి చేరింది. "మంచిదని చెప్పు" అన్నాడట బావ. ఆ పూట అన్నం కెలికి లేచిపోయాడని అక్క నాకు ఫోను చేసింది. "ఆయన వెళ్ళిపోతే మీ బావ ఇంక మనిషి కాడురా. ఏదో ఒకటి చెయ్యి" అంది. బస్సుకి టికెట్లు కొట్టేవాణ్ణి, నేనేం చెయ్యగలను?

సరిగ్గా ఆ గురువారం నా బస్సులో కిటికీ పక్క సీటులో ఒక నర్సమ్మ కూర్చుంది. డ్యూటీకి వెళ్తోంది. చేతిలో పుస్తకం. నీలం అట్ట. ఎర్ర గడియ.

నేను టికెట్ ఇవ్వడం మరిచిపోయాను. "అమ్మా, దానికి చివరి పేజీలున్నాయా?" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "పుస్తకం అన్నాక ఉండవా? మా నాన్నగారి పెట్టెలో దొరికింది. నిన్ననే అయిపోయింది, మళ్ళీ చదువుతున్నా. ఎవరు చంపారో చెప్పనా?"

"వద్దమ్మా! నీకు దణ్ణం పెడతా, చెప్పకు!" అని రెండు చెవులూ మూసుకున్నాను. బస్సంతా నా వైపు తిరిగింది. డ్రైవరు బ్రేకు వేశాడు. నా కథంతా చెప్పాను, కొట్టు సంగతీ, రెండు ఎడమ చేతుల చొక్కా సంగతీ, కాజా వెళ్ళిపోతున్న సంగతీ. దిగాల్సినవాళ్ళు కూడా దిగకుండా విన్నారు. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, పుస్తకం నా చేతిలో పెట్టింది. "సోమవారం ఇదే బస్సులో ఇచ్చెయ్యాలి. ఏమైందో కూడా చెప్పాలి" అంది.

ఆ పుస్తకాన్ని నేను తెరవలేదు. తెరవాలనిపించలేదని అంటే అబద్ధం. కానీ దాన్ని అక్కకి ఇచ్చేటప్పుడు ఒక భయం పట్టుకుంది. అందులో డాక్టరని ఉంటే బావ గెలుస్తాడు, కాజా ఓడిపోయి శాశ్వతంగా వెళ్ళిపోతాడు. ఇద్దరని ఉంటే కాజా గెలుస్తాడు, బావ ఇంకెప్పటికీ తలెత్తడు. ఎటు చూసినా వాళ్ళ స్నేహానికి ఆ నాలుగు పేజీలతోనే ముగింపు. అదే అక్కతో అన్నాను.

"చదవకపోతే మాత్రం ఏం మిగులుతుంది? మొదలుపెట్టింది నేను. ముగించేదీ నేనే" అంది అక్క.

శనివారం మధ్యాహ్నం, ఎవరూ రాని ఆ పాత వేళకి, అక్క కొట్టుకి వెళ్ళింది. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. కాజా తన సూదుల డబ్బా, ఇత్తడి వేలితొడుగు, చిన్న కత్తెర ఒక గుడ్డలో మూటగట్టి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. సాయంత్రం వెళ్ళిపోవడానికి సిద్ధం. పుస్తకం చూడగానే ఆయన కళ్ళు ఒక్కసారి మెరిశాయి.

"వదినా, ఇది... మొత్తం ఉందా?"

"మొత్తం ఉంది. మీ అన్నయ్యని పెట్టె ఆర్పేసి కూర్చోమను ముందు" అంది అక్క. ఇస్త్రీ అన్నయ్య గబగబా స్విచ్చి తీసేసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా కూర్చున్నాడు.

అక్క పాత కౌంటర్ కుర్చీలోనే కూర్చుని, చివరి కలయిక ఘట్టంనుంచి చదవడం మొదలుపెట్టింది. కళ్ళజోడు వచ్చింది గానీ గొంతు మారలేదు. ఫొటో స్టూడియో. నలుగురు స్నేహితులు. టీ కప్పులు. బడిపంతులు ఒక కప్పు తీసి స్టేషను మాస్టరు ముందు పెట్టి, "తీసుకోండి" అన్నాడు. అక్క చదువుకుంటూ ముందుకి వెళ్ళిపోయింది.

"ఆగు" అన్నాడు బావ.

అందరం చూశాం. బావ చేతిలో సుద్ద ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఆ టీ దగ్గరిది మళ్ళీ చదువు."

అక్క మళ్ళీ చదివింది. తీసుకోండి.

"ఇన్నేళ్ళూ ఈ మాట ఎట్లా వదిలేశాం?" అన్నాడు బావ. "పంతులూ స్టేషను మాస్టరూ చిన్నప్పటినుంచీ ఒక కంచంలో తిన్నవాళ్ళు. పుస్తకమంతా వాడు వీణ్ణి ఒరేయ్ అనే పిలుస్తాడు. ఇక్కడొచ్చి 'తీసుకోండి' ఏమిటి? ఆ వెంటనే లేచి 'పెట్టినవారు' అంటాడు. అది గౌరవం కాదు, ఇద్దరూ కాదు." మెడలోని టేపు తీసి చేతిలోకి తీసుకున్నాడు. "మనసు విరిగితే మనం వాడు అనం. వారు అంటాం. అది నాకు తెలియదా? రెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదేగా."

బావ కాజా వైపు చూడలేదు, బల్ల మీది గుడ్డనే చూస్తున్నాడు.

"గడియ పెట్టింది స్టేషను మాస్టరే. కావాలని కాదు. లోపల మనిషి ఉన్నాడని చూసుకోకుండా, అలవాటుగా పెట్టేశాడు. తర్వాత తెలిసింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే వాడు తనని ఒరేయ్ అనడం మానేస్తాడని భయం. చెప్పకపోయినా మానేశాడు, అది వేరే సంగతి." టేపు వేలికి చుట్టుకున్నాడు. "నోరుజారి అన్న ఒక్క మాటకి ఎంత జరుగుతుందో నాకు తెలుసు. చిల్లులు అన్నాను. ఆ చిల్లులు లేకపోతే నేను కత్తిరించిన కోటు ఒక్కటైనా ఒంటిమీద నిలబడేదా?"

నా జీవితంలో మా బావ నోట ఒక పొరపాటు ఒప్పుకోలు వినడం అదే మొదలు. అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేం లేదు.

కాజా ఆఖరి చొక్కాకని బయట ఉంచుకున్న సూది తీశాడు. చేతిలోని దారం చివర నాలుక మీద తడిపి, సూదిలో ఎక్కించడానికి చూస్తున్నాడు. దారం ఎక్కడం లేదు. ఇన్నేళ్ళలో ఆయన చేతిలో దారం సూదిలోకి ఎక్కకపోవడం కూడా నేను అప్పుడే చూశాను.

"చదువు వదినా" అన్నాడు చివరికి.

అక్క కాగితం తిప్పింది. మాడిపోయిన ఆ నాలుగు పేజీలు, ఇన్నేళ్ళ తర్వాత, మచ్చ లేకుండా. ఆ రోజు గడియ పెట్టినవారు ఈ గదిలోనే ఉన్నారు, అన్నాడు బడిపంతులు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు గుమ్మం దగ్గర, డాక్టరుగారి కోటు చేతిమీద వేసుకుని నిలబడి ఉన్న కాంపౌండరు రెండడుగులు ముందుకి వేశాడు. "అవును, నేనే" అన్నాడు. ఎప్పుడో చిన్నతనంలో వాళ్ళ నాన్నని ఫ్యాక్టరీలో ఎవరో తిట్టారట. పోలీసులు వచ్చారు. స్నేహితులు నలుగురూ ఊపిరి పీల్చుకున్నారు. సమాప్తం.

అక్క పుస్తకం వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకి తిప్పింది. ఇంకేమైనా ఉందేమోనని అట్ట లోపల కూడా చూసింది. ఏమీ లేదు.

స్టూలు వెనక్కి పడిన చప్పుడయింది. కాజా లేచి నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"ఒరేయ్! ఎవడ్రా ఈ కాంపౌండరు?"

"నన్నడుగుతావేంట్రా? నేను రాశానా?" అని బావ అంతకంటే గట్టిగా అరిచాడు.

"పుస్తకమంతా ఎక్కడైనా ఉన్నాడా వాడు? ఒక్క చోట? ఒక్క చోట చూపించరా!"

"లేడురా! టీ కప్పు దగ్గర కూడా లేడు!"

"మరి ఆ 'తీసుకోండి' ఎందుకు రాసినట్టు?"

"వాడికి తెలియదురా! రాసినవాడికే తెలియదు!"

అప్పుడు ఇద్దరూ ఆగిపోయారు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరికీ ఒకేసారి వినిపించింది. బావ మొహంలో మొదట భయం కనిపించింది, మళ్ళీ ఎక్కడ అండి అంటాడో అని. కాజా ముక్కు ఎగబీల్చి, కింద పడిన స్టూలు నిలబెట్టుకుని, "నువ్వు చెప్పిందే బాగుంది. ఈ రాసినాయనకి స్నేహం సంగతి బొత్తిగా తెలియదురా" అన్నాడు. ఆ 'రా' దగ్గర మా బావ పగలబడి నవ్వాడు. రెండేళ్ళ నవ్వంతా ఒక్కసారే వచ్చింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆపలేదు. రోడ్డు మీద మనుషులు ఆగి చూశారు.

"నలభై ఏళ్ళు నన్ను తిట్టారే" అన్నాడు ఇస్త్రీ అన్నయ్య, ఇంతసేపూ దాచుకున్నదంతా బయటపెడుతూ. "ఆ పేజీలు మాడ్చాల్సినవే అని నా చేతులకి అప్పుడే తెలిసింది. చెల్లెమ్మా, వాటిని ఒకసారి ఇటియ్యి. పెట్టె వేడి చేసి చూస్తాను."

"ఇది పరాయివాళ్ళ పుస్తకం!" అని అక్క దాన్ని చీర కొంగులో చుట్టి కడుపుకి హత్తుకుంది.

కాజా మూట విప్పడం ఎవరూ చూడలేదు. కాస్సేపటికి చూస్తే సూదుల డబ్బా మామూలు చోట ఉంది. రెడీమేడ్ షాపుకి తనే వెళ్ళి రాలేనని చెప్పి వచ్చాడని తర్వాత తెలిసింది. ఆ సంగతి గురించి ఇద్దరూ ఇంతవరకు ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. మాట్లాడుకోరు కూడా.

సోమవారం నర్సమ్మకి పుస్తకం తిరిగి ఇచ్చాను. "ఎలా ఉంది ముగింపు?" అంది ఆశగా.

"పరమ చెత్తగా ఉందమ్మా. అంత మేలు ఇంకే పుస్తకమూ చెయ్యదు" అన్నాను. ఆవిడకి మొత్తం చెప్పేసరికి ఆసుపత్రి స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచింది పాపం, నవ్వుకుంటూనే.

తిరుగు ట్రిప్పులో బస్సు కొట్టు ముందు ఆగింది. కిటికీలోంచి చూశాను. బావ ఎవరో కొత్త మనిషిని టేపుతో బిగించి పట్టుకుని ఉన్నాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది. బావ స్టూలు మీద ఎడమ పక్క, కాజా స్టూలు మీద కుడి పక్క మాత్రం అరిగి నున్నగా మెరుస్తున్నాయి. ఇంజను చప్పుడు దాటుకుని కాజా గొంతు వినిపించింది.

"ఒరేయ్, ఆయనకి ముందు నవల అని చెప్పరా! చెప్పి కొలవరా!"

నేను అక్కడే నిలబడి వింటూ ఉన్నాను. వెనక సీట్లవాళ్ళు ఈలలు వేసి కసిరితే గానీ రైట్ చెప్పలేదు.